ఫిల్మ్ రోల్స్‌తో విమాన ప్రయాణం: ఎక్స్‌రే, సీటీ స్కానర్ల నుంచి కాపాడుకోవడం ఎలా?

డెవలప్ చేయని ఫిల్మ్‌ని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. చేతి సంచీలోనే తీసుకెళ్లాలి. ఆ సంచీ బెల్టు ఎక్కకముందే ఫిల్మ్‌ని బయటికి తీసి, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. చెప్పాల్సిందంతా నిజానికి ఇంతే. కానీ ఎలా సర్దితే సిబ్బంది సులువుగా ఒప్పుకుంటారో, కాదంటే అక్కడికక్కడ ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. క్యూలో నిలబడ్డాక ఆలోచించుకునే వ్యవధి దొరకదు.

"ఐఎస్ఓ 800 లోపు ఫిల్మ్‌కి ఏమీ కాదు" అని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. (ఐఎస్ఓ అంటే వెలుతురుకి ఫిల్మ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె.) అది పాత ఎక్స్‌రే మెషీన్లకు సరిపోయే లెక్క. సీటీ స్కానర్లు వచ్చిన చోట ఆ లెక్క చెల్లదు. అందుకే ముందు మెషీన్ ఏ రకమో చూసుకోవాలి, ఫిల్మ్ ఐఎస్ఓ ఎంత అన్నది ఆ తర్వాతి మాట.

1. ఏ మెషీన్ ఫిల్మ్‌ని ఏం చేస్తుంది

వెలుతురు తగిలినట్టే ఎక్స్‌రే తగిలినా ఫిల్మ్‌లోని సిల్వర్ హాలైడ్ కణాలు స్పందిస్తాయి. డబ్బీ, నల్ల ప్లాస్టిక్, 120 రోల్ (పెద్ద సైజు ఫిల్మ్) వెనక ఉండే కాగితం వెలుతురును ఆపుతాయి గానీ ఎక్స్‌రేను ఆపలేవు. డెవలప్ చేశాక నెగెటివ్ అంతటా పలుచని మసక కనిపిస్తుంది. దీన్నే ఫాగ్ అంటాం. ముందు నీడల్లోని వివరాలు పోతాయి, తర్వాత కాంట్రాస్ట్ తగ్గుతుంది, గ్రెయిన్ పెరుగుతుంది. కలర్ ఫిల్మ్‌లో అయితే నీడలకు వేరే రంగు పడుతుంది.

ఈ దెబ్బ చెరిగిపోదు, పేరుకుంటుంది. నిన్న ఒక విమానాశ్రయంలో, ఇవాళ మరోచోట తగిలిన ఎక్స్‌రే మొత్తం ఒకే రోల్ ఖాతాలో పడుతుంది.

పాత తరహా ఎక్స్‌రే: చేతి సంచీల కోసం వాడేది. ఒకటి రెండు కోణాల నుంచి బొమ్మ తీస్తుంది, డోసు తక్కువ. ఐఎస్ఓ 400 వరకు ఉన్న ఫిల్మ్ రెండు మూడు సార్లు వెళ్లినా మామూలుగా తేడా కనిపించదు. 5 సార్లు దాటే ప్రయాణమైతే ఐఎస్ఓ 100 ఫిల్మ్‌కి కూడా చేతి తనిఖీయే అడగండి.

సీటీ స్కానర్: ఎక్స్‌రే మూలం సంచీ చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి బొమ్మలు తీసి 3డీ చిత్రం కడుతుంది. డోసు చాలా ఎక్కువ. ఒక్కసారి వెళ్లినా ఫాగ్ రావచ్చు. డెవలప్ చేయని ఫిల్మ్‌ని వీటిలో పెట్టొద్దని కొడాక్, ఇల్ఫర్డ్ కంపెనీలే చెబుతున్నాయి.

చెక్-ఇన్ లగేజీ స్కానర్: అన్నింటికంటే ప్రమాదకరం. అనుమానం వచ్చిన చోట మరింత బలమైన కిరణం పంపే రకాలూ ఉన్నాయి. వీటిలో పడిన ఫిల్మ్ మీద 1 నుంచి 1.5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు, ఒక్కోసారి అలల్లా, అడ్డంగానో నిలువుగానో వస్తాయి. వాటిని ఏ ల్యాబూ బాగుచేయలేదు.

మనుషులు నడిచే మెటల్ డిటెక్టర్, మిల్లీమీటర్ వేవ్ స్కానర్: ఫిల్మ్‌కి హాని చేయవు. అయినా రోల్స్‌ని జేబులో పెట్టుకుని దాటే ప్రయత్నం చేయకండి. లోహపు డబ్బీ మోగుతుంది. మీరు ఏదో దాస్తున్నారని సిబ్బంది అనుకుంటే ఆ తర్వాత చేతి తనిఖీ అడిగినా వినరు.

డెవలప్ అయిపోయిన నెగెటివ్‌లు, స్లైడ్‌లు, ప్రింట్లు, మెమరీ కార్డులు, ఖాళీ కెమెరాలు ఎందులో వెళ్లినా ఏమీ కాదు.

2. ఎదురుగా ఉన్నది సీటీయా కాదా?

క్యూలో ఉండగానే తేల్చుకోవచ్చు.

- ల్యాప్‌టాప్, ద్రవాల సీసాలు సంచీలోనే ఉంచమంటున్నారా? చాలావరకు అది సీటీ. అయితే ముందే నమోదు చేసుకున్న ప్రయాణికుల లైన్లలో పాత మెషీన్ ఉన్నా ల్యాప్‌టాప్ తీయమనరు. కాబట్టి ఈ ఒక్క గుర్తు చూసి తేల్చకండి.
- మెషీన్ లావుగా, మధ్యభాగం ఉబ్బెత్తుగా, సొరంగం పొడవుగా ఉందా?
- ఆపరేటర్ తెర మీద సంచీ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తున్నారా? అయితే సందేహం లేదు, సీటీయే.
- మెషీన్ పక్కన పేరు చదవండి. స్మిత్స్ డిటెక్షన్ వారి 'హై-స్కాన్ 6040 సీటీఐఎక్స్', అనలాజిక్ వారి 'కనెక్ట్' సీటీ రకాలు. 6040 అన్న అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. అదే కంపెనీ మామూలు ఎక్స్‌రే మెషీన్ల మీద కూడా ఆ అంకె ఉంటుంది. చివర 'సీటీఐఎక్స్' ఉందో లేదో చూడాలి.

'ఫిల్మ్‌కి హాని లేదు' అని మెషీన్ మీద స్టిక్కర్ ఉన్నా, సీటీ లక్షణాలు కనిపిస్తే స్టిక్కర్‌ని నమ్మొద్దు. ఏ రకమో అర్థం కాకపోతే సీటీ అనుకునే నడుచుకోండి.

3. ఏ ఫిల్మ్‌కి ఎక్కువ జాగ్రత్త

ఐఎస్ఓ ఎక్కువ ఉన్న ఫిల్మ్ ఎక్స్‌రేకీ త్వరగా లొంగుతుంది. డెల్టా 3200, టీ-మ్యాక్స్ పీ3200, పోర్ట్రా 800, సినీస్టిల్ 800టీ లాంటివి పాత ఎక్స్‌రేలో కూడా పెట్టకూడనివి.

చాలామంది మరిచిపోయేవి మూడున్నాయి. ఇన్‌స్టాక్స్ ఫిల్మ్ ఐఎస్ఓ 800, పోలరాయిడ్ 600, ఐ-టైప్ రకాలు సుమారు 640. ఇవి కూడా డెవలప్ కాని ఫిల్మే. వాడి పారేసే కెమెరాల్లో సాధారణంగా 400 లేదా 800 ఫిల్మ్ ఉంటుంది. మూడోది పుష్ చేయబోయే, అంటే తక్కువ వెలుతురులో తీసి డెవలప్‌లో ఎక్కువసేపు ఉంచబోయే రోల్. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌ని 1600 దగ్గర తీసి పుష్ చేయించాలనుకుంటే దాన్ని 1600 ఫిల్మ్ కిందే లెక్కవేయండి. పుష్ చేసినప్పుడు బొమ్మతోపాటు ఫాగ్ కూడా పెరుగుతుంది.

ఫొటోలు తీసిన రోల్, తీయని రోల్ రెండింటికీ ఒకే ముప్పు. కానీ తీసిన రోల్‌లో మళ్లీ తీయలేని బొమ్మలు ఉంటాయి కాబట్టి, ఎక్కడైనా కొన్నిటికే చేతి తనిఖీ ఒప్పుకుంటే ముందుగా వాటిని ఇవ్వండి.

4. బయలుదేరేముందు సర్దుకోవడం

చేతి తనిఖీకి సిబ్బంది విసుక్కునేది ఎక్కువగా సర్దుబాటు బాగాలేకే. వాళ్ల పని ఒక నిమిషంలో అయిపోయేలా ఉంటే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది.

అట్టపెట్టెలు తీసేయండి. 135 (35 మి.మీ.) రోల్స్‌ని నల్ల డబ్బాల్లోంచి తీసి, పారదర్శకమైన డబ్బాల్లోకి మార్చండి, లేదా విడిగా జిప్ కవరులో వేయండి. లోపల ఏముందో చూడగానే తెలియాలి. ప్రతి రోల్ మీద ఐఎస్ఓ కనిపించేలా పేర్చండి. బల్క్ రోల్ (పొడవాటి పెద్ద చుట్ట) నుంచి మీరే చుట్టుకున్న, పేరు లేని క్యాసెట్ల మీద ఫిల్మ్ పేరు, ఐఎస్ఓ రాసి అంటించండి. ఏ గుర్తూ లేని లోహపు డబ్బీని చూస్తే ఎవరికైనా ప్రశ్నలు వస్తాయి.

120 రోల్స్ రేకు కవరు చించాల్సిన పని లేదు, తేమ నుంచి అదే కాపాడుతుంది. తెరవమని పట్టుబడితే తెరవవచ్చు. కాగితం బిగుతుగా ఉన్నంతవరకు లోపలి ఫిల్మ్ క్షేమం. చివరన అంటించిన పట్టీని మాత్రం ఎవరినీ ఊడదీయనివ్వకండి. ఫొటోలు తీసేసిన 120 రోల్స్‌కి ఒక రబ్బరు బ్యాండు కూడా వేయండి, వదులైతే అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది.

సీసపు పూత ఉన్న సంచీల మీద ఆధారపడకండి. తెర మీద అది నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. వెంటనే సంచీ పక్కకు తీస్తారు, లేదా మళ్లీ స్కాన్ చేస్తారు. సీటీ ముందు ఆ పూత చాలినంత రక్షణ ఇవ్వదు. చెక్-ఇన్ లగేజీలో అయితే అది పెట్టి ధీమాగా ఉండటం ఫిల్మ్‌ని చేజేతులా పాడుచేసుకోవడమే.

సర్దుకునేటప్పుడు చూసుకోవాల్సినవి:

- ఫిల్మ్ అంతా ఒకే పారదర్శక కవరులో, చేతి సంచీ పై అరలో
- తీసినవి, తీయనివి విడివిడిగా
- ప్రతి రోల్ మీద చిన్న టేపు ముక్క (ఎన్నిసార్లు ఎక్స్‌రేలో వెళ్లిందో గీతలు గీయడానికి), ఒక పెన్ను
- కెమెరాల్లో ఫిల్మ్ లేకుండా
- తనిఖీ జరిగే దేశపు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఫిల్మ్ గురించి ఉన్న పేజీ ప్రింటు లేదా ఫోన్‌లో స్క్రీన్‌షాట్
- మామూలు సమయానికి మరో అరగంట అదనంగా

5. కెమెరాలో సగం రోల్ మిగిలి ఉంటే

విమానాశ్రయానికి వెళ్లేలోపు రోల్ పూర్తిచేయడం అన్నిటికంటే మేలు. ఫిల్మ్ ఉన్న కెమెరాను సిబ్బంది వెనక మూత తెరిచి చూస్తే ఆ రోల్ పోయినట్టే. తెరవకపోయినా షటర్ నొక్కి చూపించమంటారు, ఒక ఫ్రేమ్ వృథా. కెమెరాను బెల్టు మీద పెట్టమంటే లోపలి ఫిల్మ్ కూడా దానితోపాటే వెళ్తుంది.

పూర్తి కాకపోతే, చేత్తో చుట్టే 135 కెమెరాలో ఇలా చేయండి.

ముందు కౌంటర్ మీద అంకె రాసుకోండి. అది 17 అనుకుందాం. రివైండ్ బటన్ నొక్కి క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పండి. అంతసేపూ చేతికి ఒకే బిగువు తెలుస్తూ ఉంటుంది. చివరికి ఒక చిన్న జర్కుతో ఆ బిగువు వదులవుతుంది. టేకప్ స్పూల్ (తీసిన ఫిల్మ్ చుట్టుకునే ఇరుసు) నుంచి ఫిల్మ్ ఊడివచ్చిందని దానర్థం. అక్కడే ఆపేయండి. ఇంకో చుట్టు తిప్పితే లీడర్ (ఫిల్మ్ మొదటి కొస) డబ్బీలోకి వెళ్లిపోతుంది. మూత తెరిచి రోల్ తీసి, లీడర్ మీద '17 వరకు అయింది' అని రాయండి.

మళ్లీ ఎక్కించేటప్పుడు లెన్సుకు మూత పెట్టండి. షటర్ వేగం కెమెరాలో ఉన్న గరిష్ఠానికి, అపర్చర్ అతి చిన్నదానికి తిప్పి, వెలుతురు తక్కువున్న చోట కూర్చుని కౌంటర్ 19 వచ్చేదాకా ఉత్తిగా నొక్కుతూ వెళ్లండి. ఒక ఫ్రేమ్ ఖాళీగా వదిలినట్టవుతుంది. ఆ మాత్రం వదలకపోతే పాత బొమ్మ అంచు మీద కొత్తది ఎక్కే ప్రమాదం ఉంది.

మోటారుతో చుట్టుకునే కెమెరాలు ఎక్కువగా లీడర్‌ని లోపలికి లాగేసుకుంటాయి. లీడర్ బయటికి లాగే పనిముట్టు మీ దగ్గర లేకపోతే వాటిలో ఈ పని పెట్టుకోవద్దు. 120 కెమెరాల్లో వెనక్కి చుట్టడం ఉండదు. వెనక భాగం ఊడే రకమైతే డార్క్ స్లైడ్ (వెలుతురు ఆపే పలక) పెట్టి, ఆ భాగాన్ని మొత్తంగా చేతి తనిఖీకి ఇవ్వండి.

6. చెక్‌పాయింట్ దగ్గర, వరుసగా

మొదటి అడుగు: క్యూలో ముందుకు రాకముందే ఫిల్మ్ కవరు చేతిలోకి తీసుకోండి. సంచీ బెల్టు మీద పడ్డాక అడిగితే ఆలస్యమైపోయినట్టే. నూటికి తొంభై పేచీలు ఇక్కడే మొదలవుతాయి.

రెండో అడుగు: ట్రేల దగ్గర నిలబడ్డ ఉద్యోగితో, మీ వంతు రాగానే, కవరు చూపిస్తూ మాట్లాడండి. "ఇది డెవలప్ చేయని ఫొటో ఫిల్మ్ అండీ. ఎక్స్‌రేలో పాడవుతుంది. కాస్త చేత్తో తనిఖీ చేస్తారా?" అంటే చాలు. భాష రాని చోట "హ్యాండ్ చెక్, ప్లీజ్" అన్న మాట చాలావరకు అర్థమవుతుంది. ఫిల్మ్ అంటే ఏమిటో తెలియని యువ ఉద్యోగులు ఉంటారు. అప్పుడు రోల్ ఒకటి తీసి చూపించండి, ఓపికగా చెప్పండి.

ఐఎస్ఓ ఎంత అని అడిగితే నిజమే చెప్పండి. 800 లోపు కుదరదంటే, "ఈ మెషీన్ సీటీ కదండీ, దీనిలో తక్కువ ఐఎస్ఓ ఫిల్మ్ కూడా పాడవుతుంది" అని కారణం చెప్పండి. కవరులో నిజంగా 3200 రోల్ ఒకటి ఉంటే దాన్ని పైన కనిపించేలా పెట్టుకోవడంలో తప్పులేదు.

మూడో అడుగు: కవరును వాళ్ల చేతికే ఇవ్వండి, ట్రేలో వేయకండి. ట్రేలో వేస్తే ఇంకో ఉద్యోగి తెలియక బెల్టు మీదికి నెట్టేస్తారు.

నాలుగో అడుగు: మీరు డిటెక్టర్ దాటి అవతల నిలబడండి. వాళ్లు రోల్స్‌ని ఒక్కొక్కటిగా చూసి, గుడ్డ ముక్కలాంటి దానితో పైన తుడిచి, పేలుడు పదార్థాల జాడ కోసం చిన్న యంత్రంలో పెడతారు. దీనివల్ల ఫిల్మ్‌కి ఏమీ కాదు. కవరు మీద నుంచి చూపు తిప్పకండి.

అయిదో అడుగు: రోల్స్ లెక్కపెట్టుకుని, థ్యాంక్స్ చెప్పి కదలండి.

7. "కుదరదు" అంటే

అమెరికాలో ప్రయాణికులు అడిగితే ఫొటో సామగ్రినీ ఫిల్మ్‌నీ ఎక్స్‌రే లేకుండా తనిఖీ చేయాలని ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. చాలా దేశాల్లో అలాంటి హక్కు లేదు, ఆ పూట సిబ్బంది నిర్ణయమే చివరిది. గొంతు పెంచితే పని జరగదు. ఇలా ప్రయత్నించండి.

సూపర్‌వైజర్‌తో ఒకసారి మాట్లాడవచ్చా అని అడగండి. ఆయనా కాదంటే పాత ఎక్స్‌రే ఉన్న లైన్ ఉందేమో కనుక్కోండి. కొన్నిచోట్ల రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. పాత ఎక్స్‌రే దొరికితే ఐఎస్ఓ 400 వరకు ఉన్న ఫిల్మ్‌ని దిగులు లేకుండా పంపించండి.

సీటీ తప్పదని తేలితే, ఫిల్మ్ కవరును సంచీలో ఉంచకుండా వేరే ట్రేలో ఒంటరిగా పెట్టండి. సంచీలో ఏదో అనుమానంతో రెండోసారి స్కాన్ చేసినప్పుడు ఫిల్మ్ కూడా దానితో మళ్లీ వెళ్లకుండా ఉంటుంది. దెబ్బ ఒక్కసారితో ఆగుతుంది. వెంటనే రోల్స్ మీద 'సీటీ 1' అని రాయండి.

చేతి తనిఖీ దొరకని విమానాశ్రయం గుండా వెళ్లాలని ముందే తెలిస్తే, ఫిల్మ్ మోయకుండానే పని జరిగే దారి చూడటం మంచిది. చేరే ఊళ్లో ఫిల్మ్ కొనుక్కుని, తిరిగివచ్చేముందు అక్కడే డెవలప్ చేయించండి. కనీసం డెవలప్ వరకైనా చేయిస్తే చాలు, స్కానింగ్ ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు. కొరియర్‌లో పంపడం రెండో దారే. విమానంలో వెళ్లే పార్శిళ్లనూ స్కాన్ చేస్తారు కాబట్టి రోడ్డు మార్గంలో వెళ్లే సేవను ఎంచుకుని, 'డెవలప్ చేయని ఫిల్మ్, ఎక్స్‌రే వద్దు' అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి.

8. షీట్ ఫిల్మ్

రోల్‌గా కాక విడి రేకులుగా పెట్టెలో వచ్చే ఫిల్మ్ ఇది. దీనికి చేతి తనిఖీ కూడా ప్రమాదమే. పెట్టె మూత తెరిస్తే మొత్తం ఫిల్మ్ పోతుంది. సీలు తీయని పెట్టె అయితే బయట తుడిచి వదిలేయమని అడగవచ్చు. తెరిచిన పెట్టె అయితే మూతల చుట్టూ టేపు వేసి, 'చీకటిలో తప్ప తెరవరాదు' అని అక్కడి భాషలో రాసి పెట్టండి. చేతులు దూర్చి పనిచేసే నల్ల చేంజింగ్ బ్యాగ్ వెంట ఉంచుకోండి. లోపల చూడాల్సిందే అంటే, పెట్టెను ఆ బ్యాగులో పెట్టి తాకి చూడమనవచ్చు. విమానాశ్రయానికి ముందే ఫోన్ చేసో, మెయిల్ రాసో కనుక్కోవడం మిగతా ఫిల్మ్‌లకు అదనపు జాగ్రత్త, షీట్ ఫిల్మ్‌కి తప్పనిసరి.

9. మధ్యలో జరిగే పొరపాట్లు

కనెక్టింగ్ విమానాల దగ్గర మళ్లీ తనిఖీ ఉంటే మళ్లీ అడగాలి. మొదటి చోట ఒప్పుకున్నారు కదా అని కవరును సంచీ అడుగున పడేయకండి.

విమానంలో చోటు లేదని గేటు దగ్గర చేతి సంచీని తీసుకుని కింద లగేజీలో వేస్తుంటారు. ఇవ్వబోయేముందు ఫిల్మ్ కవరు బయటికి తీసుకోండి. ఒక్క క్షణం మరిచినా ఆ సంచీ మీ చేతుల్లో ఉండదు.

దిగాక కస్టమ్స్ దగ్గర, రైల్వే, మెట్రో స్టేషన్లలో, కొన్ని హోటళ్ల గుమ్మాల దగ్గర కూడా ఎక్స్‌రే మెషీన్లు ఉంటాయి. అవి ఎక్కువగా పాత రకాలే అయినా, రోజుకు నాలుగుసార్లు దాటే ఊళ్లో లెక్క పెరిగిపోతుంది. టేపు మీద గీతలు గీయడం ఇక్కడే ఉపయోగపడుతుంది.

10. స్కాన్ అయిపోయిన ఫిల్మ్‌ని ఏం చేయాలి

పారేయకండి. ఇంకా తీయని నెగెటివ్ ఫిల్మ్ అయితే ఒక స్టాప్ ఎక్కువ (అంటే రెట్టింపు) ఎక్స్‌పోజర్ ఇచ్చి తీయండి. 400 ఫిల్మ్‌ని 200గా మీటర్ చేస్తే నీడలు ఫాగ్ పైకి లేస్తాయి. పుష్ మాత్రం చేయించకండి. స్లైడ్ ఫిల్మ్‌లో ఈ ఉపాయం పనికిరాదు, ఫాగ్ వల్ల నలుపే పలచబడుతుంది.

ఇప్పటికే తీసిన రోల్స్ చాలా ఉంటే, వాటిలో అంతగా ముఖ్యం కానిదాన్ని ముందు డెవలప్ చేయించండి. రెండు ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ పట్టీని, ప్రయాణం చేయని అదే రకం ఫిల్మ్ పట్టీతో పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడండి. మీది ముదురుగా ఉంటే ఫాగ్ చేరినట్టు. నెగెటివ్‌ని స్కాన్ చేసేటప్పుడు బ్లాక్ పాయింట్‌ని (పూర్తి నలుపుగా లెక్కించే స్థాయిని) ఆ ముదురు దగ్గర పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నీడల్లో రంగు మరీ చెడితే బ్లాక్ అండ్ వైట్‌గా మార్చుకోండి.

నెగెటివ్ మీద పట్టీలుంటే అది ఎక్స్‌రేనా, కెమెరాలో వెలుతురు కారిందా అని చూసుకోవాలి. ఎక్స్‌రే పట్టీలు ఫ్రేము హద్దులు పట్టించుకోకుండా, చుట్టిన రోల్ మీద పడినందువల్ల ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వస్తాయి. కెమెరా మూత దగ్గర లీకు అయితే ఎక్కువగా ఒక అంచు నుంచి మొదలై, ఫ్రేములో దాదాపు ఒకేచోట కనిపిస్తుంది. లీకు అని తేలితే తర్వాతి ప్రయాణానికి ముందు మూత చుట్టూ ఉండే నల్ల స్పాంజి పట్టీలు మార్పించండి.